పసిబిడ్డ పక్క



నేను కాశీబుగ్గలో కాపురముండు విశ్రాంత ఉపాధ్యాయుడను. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పితిని. అంతకుముందు గురువుల సన్నిధిని కావ్యములును, వ్యాకరణమును, కొంత ఆయుర్వేదమును చదువుకొంటిని. ఇట్టివాడు పసిబిడ్డల నిద్రనుగూర్చి ముచ్చటింప వచ్చెనేమి అని మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. బిడ్డల పెంపకము ఆడువారి పని, అందులో మగవారికి, ముఖ్యముగా పండితులకు, చోటు లేదని మనలో పెక్కుమంది తలంతురు. నేనును చాలకాలము అట్లే తలంచితిని.

కాని ఒక్కమాట యోచింపుడు. మన గ్రామములలో బిడ్డ తలక్రింద ఏ దిండు పెట్టవలెనో, ఏ పొగ వేయవలెనో, ఎవరి పక్కలో పండబెట్టవలెనో నిర్ణయించునది ఇరువదేండ్ల కోడలు కాదు. ఆమె అత్తగారు నిర్ణయించును. అత్తగారి మాటకు వెనుక బలముగా మామగారు నిలుచును. ఆ యిద్దరును సందేహము కలిగినపుడు ఊరిలో నాలుగక్షరములు చదివిన పెద్దను అడుగుదురు. కావున ఈ ప్రసంగము తల్లులకంటె ముందుగా మనవంటి పెద్దల కొరకు ఉద్దేశింపబడినది.

నేను చెప్పదలచినది ఒక సూత్రములో ఇమిడిపోవును. ఏడాది నిండువరకు బిడ్డను నిద్రపుచ్చునపుడెల్ల, పగలైనను రాత్రియైనను, వెల్లకిల పండబెట్టవలెను. సమముగాను గట్టిగాను ఉండు పక్కపై పండబెట్టవలెను. ఆ పక్కమీద బిడ్డ తప్ప మరేమియు ఉండరాదు. తక్కినదంతయు ఈ సూత్రమునకు వ్యాఖ్యానము మాత్రమే.

మన పూర్వులు ఈ విషయమున అజ్ఞానులు కారు. చరకసంహిత శారీరస్థానమున ఎనిమిదవ అధ్యాయమునందు కుమారాగారము, అనగా పసిబిడ్డ యుండు గది, ఎట్లుండవలెనో చెప్పబడినది. పెనుగాలి తగులక ఒకవైపు మాత్రము గాలి ఆడునట్లు ఉండవలెననియు, చీకటి లేక, ఎలుకలును పురుగులును చొరక ఉండవలెననియు అందు విధింపబడినది. బిడ్డ పక్కయు, పరచు బట్టలును, కప్పు బట్టలును మృదువుగా, తేలికగా, శుచిగా ఉండవలెను. చెమటయు మలమూత్రములును తగిలినవానిని తీసివేయవలెను. వేరు బట్టలు లేనివారు వానినే చక్కగా ఉతికి, ధూపము పట్టి, బాగుగా ఆరిన పిదప వాడుకొనవలెను. బీదవాని యింటిని కూడ మరువని శాస్త్రమిది.

ఇందులో రెండు మాటలు మనము పొరపాటుగా గ్రహించుచున్నాము. మొదటిది మృదువు అనుమాట. మేను ఒరసుకొననిది అని దానికి నేను అర్థము చెప్పుదును గాని, మేను దిగబడిపోవునది అని చెప్పను. ఒకవేళ శాస్త్రకారుని తాత్పర్యము మెత్తని పరుపే యైనను, నేడు పలుదేశములలో లెక్కకు వచ్చిన అనుభవము గట్టి పక్కయే మేలని చాటుచున్నది గనుక దానినే గ్రహింపవలెను. రెండవది ధూపము. గ్రంథములో ధూపము చెప్పబడినది బట్టలకును పక్కకును. మనవారు బిడ్డకు తలంటిపోసి, సాంబ్రాణి నిప్పులమీద చల్లి, ఆ పొగకు బిడ్డ ముఖమునే పట్టుచున్నారు. ఆ లేత ఊపిరితిత్తులకు పొగ పొగయే. అది సుగంధమైనంతమాత్రమున మందు కాదు.

ఇక మన బారసాల చూడుడు. పదునొకండవ నాడో, ఇరువదియొకటవ నాడో ముత్తైదువలు కూడి బిడ్డను ఉయ్యాలలో వేయుదురు. వెల్లకిలనే వేయుదురు. నా యెరుకలో ఆ వేడుకనాడు బిడ్డను బోర్ల వేసినవారు లేరు. మన అవ్వల చేతులకు ఈ సంగతి ఏ పుస్తకమును చదువకయే తెలిసియుండెను.

ఇట్టి యింట పుట్టి, ఇట్టి శాస్త్రము చదివిన నేనే ఒకప్పుడు దానికి విరుద్ధముగా బోధించితిని. ఆ సంగతి మీతో చెప్పవలసియున్నది.

అది 1988వ సంవత్సరము. నాకు ఇరువదియైదేండ్లు. ఉద్యోగము క్రొత్తది. ఇంగ్లీషు పుస్తకములు చదివి, సాయంకాలము అరుగుమీద కూర్చుండి పదిమందికి వాని సారము వినిపించుట నాకు వేడుకగా నుండెను. శిశుపోషణమునుగూర్చిన పుస్తకమొకటి నా చేతికి వచ్చినది. బిడ్డను బోర్ల పండబెట్టినచో పాలు చక్కగా జీర్ణమగుననియు, కక్కిన పాలు గొంతునకు అడ్డుపడవనియు, తల వెనుకభాగము చదును కాదనియు అందు వ్రాయబడియుండెను. నేను దానిని అరుగుమీద చదివి చెప్పితిని. మా వీధి చివరి యింట ఒక మగబిడ్డకు మూడవ నెల నడచుచుండెను. ఆ బిడ్డ తరచుగా పాలు కక్కుచుండెను. ఆ యింటి పెద్ద నామాట విని, ఆనాడు మొదలుకొని బిడ్డను క్రొత్త దూదిపరుపుమీద బోర్ల పండబెట్టించెను.

ఆ తల్లి ఒకనాడు మా గుమ్మమునకు వచ్చినది. "మేష్టారు బాబూ, గుంటడికి ఊపిరాడదేమోనని బయంగా ఉన్నాది" అన్నది. నేను పుస్తకము తెచ్చి, అచ్చైన పుటను చూపి, భయము వలదని చెప్పి పంపితిని. చదువురాని ఆమె ఆ పుటను చూచి మారుమాట లేక వెడలిపోయినది. పదునైదు దినములు గడువకముందే ఒక తెల్లవారుజామున ఆ యింట ఏడుపు వినబడినది. రాత్రి పాలు త్రాగి నిద్రపోయిన బిడ్డ మరల లేవలేదు.

ఊరివారు పలువిధముల చెప్పుకొనిరి. కొందరు బాలగ్రహమనిరి. కొందరు దిష్టియనిరి. తల్లి నిద్రమత్తులో బిడ్డపైకి ఒరిగినదని మరికొందరనిరి. ఆ చివరిమాటయే ఊరిలో నిలిచినది. అటుపిమ్మట ఆమెను పేరంటములకు పిలుచుట తగ్గినది. ఇంట ఎవరి బిడ్డనైనను ఆమె ఎత్తుకొనబోయినచో మాటలాడకయే అందుకొనువారు. నేను ఆనాడు నోరు మెదపలేదు. బిడ్డ పండుకొన్న తీరునకును ఆ చావునకును సంబంధముండునని నాకు తోచలేదు. తోచియున్నచో చెప్పియుందునా అనునది నేటికిని నిశ్చయముగా చెప్పలేను.

బోర్ల పండబెట్టుమను ఆ బోధ నా ఒక్కని పొరపాటు కాదు. అది లోకమంతయు చేసిన పొరపాటు. అమెరికాలో బెంజమిన్ స్పాక్ అను వైద్యుడు వ్రాసిన శిశుపోషణ గ్రంథము 1946లో మొదట వెలువడి, లక్షలకొలది ఇండ్లలో చదువబడినది. దాని 1950 దశకపు చివరి కూర్పులలో, కక్కినది గొంతున అడ్డుపడునను భయముచేత, బోర్ల పండబెట్టుటయే మేలని చెప్పబడెను. ఐరోపా దేశములలోను ఆ వాడుక వ్యాపించినది. ఆరోగ్యముగా నున్న బిడ్డలు నిద్రలోనే, ఏ కారణమును కనబడక, చనిపోవుట ఆ దేశములలో హెచ్చినది. దానికి వారు తొట్టిచావు అను అర్థమిచ్చు పేరు పెట్టిరి.

1985లో డేవిస్ అను వైద్యుడు హాంకాంగులో ఇట్టి చావులు మిక్కిలి అరుదని వ్రాసెను. అచ్చటివారు తరతరములుగా బిడ్డలను వెల్లకిల పండబెట్టువారు. నెదర్లాండ్సు దేశమున 1987లో బోర్ల పండబెట్టవలదని ప్రచారము చేయగా చావులు తగ్గినవి. 1991లో న్యూజిలాండులోను బ్రిటనులోను అట్లే చేసిరి. అమెరికాలో 1992లో బాలవైద్యుల సంఘము ఈ మాట చెప్పినది. 1994లో దేశవ్యాప్తమైన ప్రచారము మొదలైనది. ఆ దశకము ముగియునప్పటికి అచ్చట ఇట్టి చావులు సుమారు సగమునకు తగ్గినవి. క్రొత్త మందు లేదు, యంత్రము లేదు. బిడ్డను త్రిప్పి వెల్లకిల వేసిరి, అంతియే.

2005లో రూత్ గిల్బర్టు అను పరిశోధకురాలును ఆమె తోడివారును పాత లెక్కలన్నియు తిరుగవేసి చూచిరి. బోర్ల పండబెట్టుట ప్రమాదమని తెలియుటకు వలసిన ఆధారములు 1970 నాటికే ఉన్నవనియు, ఆనాడే గుర్తించియున్నచో ఒక్క బ్రిటనులోనే 10,000కు పైగా బిడ్డలు బ్రతికియుందురనియు వారు తేల్చిరి. నేను అరుగుమీద ఆ పుస్తకము చదువునాటికి పదునెనిమిదేండ్ల ముందే ఆ యాధారములు లోకములో నున్నవన్నమాట.

నాకు ఈ సంగతి తెలిసినది 2014లో. మా అమ్మాయికి ఆసుపత్రిలో కాన్పయినది. నర్సు బిడ్డను వెల్లకిల పండబెట్టి, దిండు తీసివేసినది. నేను పెద్దరికముతో, పాలు కక్కినచో గొంతున అడ్డుపడునని వాదించితిని. అచ్చటి బాలవైద్యురాలు కోపగింపక, ఒక కాగితముమీద రెండు గొట్టములు గీసి చూపినది. దానిని మన పొలముల భాషలో చెప్పెదను.

బిడ్డ కంఠములో రెండు త్రోవలు గలవు. ముందుభాగమున గాలి పోవు గొట్టము, వెనుకభాగమున పాలు పోవు గొట్టము. బిడ్డ వెల్లకిల పండుకొన్నపుడు గాలిగొట్టము పైన, పాలగొట్టము క్రింద ఉండును. కడుపునుండి ఎగదన్నిన పాలు గాలిగొట్టములో చొరవలెనన్న ఎగువకు ఎక్కవలెను. దిగువ కాలువలోని నీరు తనంతట ఎగువ కాలువలోనికి ఎక్కునా? ఎక్కదు. బిడ్డ దానిని మరల మ్రింగును, లేదా ప్రక్కకు తల త్రిప్పి ఉమియును. బోర్ల పండుకొన్నపుడు ఆ రెండును తలక్రిందులగును. గాలిగొట్టము దిగువ కాలువ యగును. పాలు దాని ముఖద్వారముననే చేరును. ఏ భయముచేత బోర్ల పండబెట్టితిమో, ఆ భయమునకే త్రోవ తీసినవారమగుచున్నాము.

అంతియేగాక, మెత్తని పక్కలో ముఖము క్రిందుగా నున్న బిడ్డ తాను విడిచిన చెడుగాలినే మరల మరల పీల్చును. పెద్దవారమైనచో ఉక్కిరిబిక్కిరియై మేలుకొందుము. రెండు, మూడు, నాలుగు నెలల బిడ్డలో ఆ మేలుకొనెడి శక్తి ఇంకను పక్వము కాదు. బోర్ల పండుకొన్నపుడు నిద్ర మరింత గాఢమగును. "బోర్ల వేసినచో బిడ్డ బాగా నిద్రపోవును" అని మనవారు చెప్పునది నిజమే. ఆ గాఢనిద్రయే ప్రమాదము. ఇట్టి చావులలో అత్యధికభాగము ఆరునెలలలోపు బిడ్డలవే.

ఒత్తిగిలి పండబెట్టవచ్చునా అని అడుగుదురు. వలదు. ప్రక్కకు పండబెట్టిన బిడ్డ నిలుకడలేని కుండవంటిది; ఏ క్షణమున బోర్లపడునో తెలియదు.

మన ప్రాంతపు పెద్దలు ముఖ్యముగా గమనింపవలసినది మరియొకటి కలదు. పలాసలోను కాశీబుగ్గలోను జీడి కర్మాగారములకు పోవు తల్లులు తెల్లవారకముందే వెడలిపోవుదురు. పగలంతయు బిడ్డ నాయనమ్మ చేతిలోనో అమ్మమ్మ చేతిలోనో ఉండును. వెల్లకిల నిద్రకు అలవాటుపడిన బిడ్డను ఎవరైన ఒకనాడు బోర్ల వేసినచో, అలవాటున్న బిడ్డకంటెను దానికి ప్రమాదము మిక్కిలి హెచ్చని పరిశోధకులు కనుగొనిరి. రాత్రి తల్లి ఒక విధముగాను, పగలు అవ్వ మరొక విధముగాను చేయరాదు. ఇంటిలో అందరిదియు ఒకే మాట కావలెను.

ఇక పక్క సంగతి. నేలపై చాప పరచి, దానిపై పలుచని బొంతను ముడుతలు లేకుండ పరచినచో, ధనికుల తొట్టికంటె అది తక్కువది కాదు. నులకమంచము నడుమ సాగి గుంటపడియున్నచో దానిపై వేయరాదు. దూదిపరుపు, దూదిదిండు, చుట్టును పేర్చు చిన్నదిండ్లు, బొమ్మలు, మందపు దుప్పటి, ఇవి యేవియు బిడ్డ దగ్గర ఉండరాదు. తల గుండ్రమగుటకు ఆవాల దిండు పెట్టుదురు. అదియు వలదు, ఏడాదివరకు బిడ్డకు దిండుతో పని లేదు. చీమలకును దోమలకును చక్కని దోమతెర చాలును. ఆ తెర బిడ్డ ముఖమునకు తగులకుండ ఎత్తుగా బిగించియుండవలెను. దిష్టికొరకు మెడలో కట్టిన త్రాడును, పూసలను, తాయెత్తును నిద్రపుచ్చకముందు తీసివేయవలెను.

మన ఉద్దానము తోటలలో పనికి పోవు తల్లి, జీడికొమ్మకో పనసకొమ్మకో చీర కట్టి బిడ్డను ఊపుట నేను చిన్నప్పటినుండి చూచుచున్నాను. అందులో ఎంత ప్రేమ కలదో నాకు తెలియును. కాని ఆ చీర ఉయ్యాలలో బిడ్డ వెన్ను విల్లువలె వంగును, గడ్డము రొమ్మునకు ఆనును. గడ్డము రొమ్మునకు ఆనినపుడు ఆ సన్నని గాలిగొట్టము మడతపడును. రెండువైపుల బట్ట ముఖమునకు చేరును. అందుచే అది నిద్రకు తగిన చోటు కాదు. ఏడ్చు బిడ్డను ఊరార్చుటకు ఒకరు దగ్గర నిలిచి, ముఖము చూచుచు ఊపవచ్చును. కన్ను మూతపడగానే తీసి సమమైన చాపపై వెల్లకిల వేయవలెను. పట్టణములలో అమ్మెడి వాలు కుర్చీలకును ఇదే దోషము. అమెరికాలో 10 డిగ్రీలకు మించి వాలుగా నుండు నిద్రతొట్లను 2022లో చట్టముచేతనే నిషేధించిరి. కొయ్య ఉయ్యాల అడుగు సమముగానుండి, ఊపు ఆపి ఒరగకుండ నిలుపుటకు వీలున్నచో మంచిదే.

బట్టల విషయమున మనము చలికి భయపడి ఉక్కను మరచెదము. మన తీరమున ఉక్క అధికము. మనము కట్టుకొన్నదానికంటె బిడ్డకు ఒక పొర యెక్కువ చాలును. పుట్టిన తొలిదినములలో వైద్యులు కుల్లాయి పెట్టుమన్నచో పెట్టవలెను. అటుతరువాత ఇంటిలోపల నిద్రించు బిడ్డ తలను కప్పరాదు. బిడ్డ తన వేడిని తలద్వారా విడుచును. పొత్తిళ్ళలో చుట్టినను రొమ్ము బిగియరాదు, తుంటికాళ్ళు కదలునట్లు ఉండవలెను. బిడ్డ ఒరుగుటకు యత్నించుట కనబడిననాటినుండి చుట్టుట మానవలెను.

పొగమాట చెప్పకతప్పదు. మన శ్రీకాకుళపు పల్లెలలో ఆడువారు చుట్టను నిప్పుకొన నోటిలోపల ఉంచి త్రాగుదురు. దానిని అడ్డపొగ యందుము. ఈ అలవాటుచేత అంగిటికి కలుగు చేటునుగూర్చి ఆంధ్రదేశమున 10,169 మంది గ్రామీణులను పరీక్షించి వైద్యులు 1971లో ప్రకటించిరి. ఆ పొగ త్రాగువారికే గాక, ప్రక్కలో నిద్రించు బిడ్డకును చేటే. పొగాకు పొగ తగులు బిడ్డలకు నిద్రలో చావు ప్రమాదము హెచ్చని లెక్కలన్నియు ఒకేమాటగా చెప్పుచున్నవి. అడ్డపొగ మానలేని అవ్వ, చుట్ట త్రాగు తాత బిడ్డను ప్రక్కలో వేసికొని నిద్రింపరాదు. మనుమని మీది ప్రేమతో చుట్ట మానిన తాతలను నేను ఎరుగుదును.

తల్లి ప్రక్కలో బిడ్డ నిద్రించుట మన దేశాచారము. తల్లిపాలు ఈ ప్రమాదమునుండి బిడ్డను కొంత కాపాడునని కూడ తెలిసినది. కావున తల్లిని బిడ్డను వేరు గదులలో ఉంచుమని నేను చెప్పను. వైద్యులును అట్లు చెప్పుటలేదు. కనీసము ఆరునెలలు ఒకే గదిలో, తల్లికి చేయి చాచిన అందునంత చేరువలో, కాని వేరు పక్కపై ఉంచుమనుచున్నారు. తల్లి చాప ప్రక్కన బిడ్డకు మరియొక చిన్నచాప. అంతకంటె ఖర్చు లేదు. పాలిచ్చుటకు తీసికొని, పిదప తిరిగి దాని చాపపై వేయవలెను. తండ్రి కల్లు, సారాయి త్రాగిన రాత్రి, తల్లి మత్తుమందు వేసికొన్న రాత్రి, ఇంట పొగత్రాగువారున్నపుడు, నెలలు నిండక పుట్టిన బిడ్డ, 2.5 కిలోలకు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ అయినపుడు, ఈ నియమమును తప్పనేరాదు.

విపత్తులో ఈ నియమము నిలుచునా అని అడుగుదురేమో. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస సమీపముననే తీరము దాటినది. కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగినవి. ఆ రాత్రి మా స్లాబు ఇంటి రెండు గదులలో పదునెనిమిదిమందిమి తలదాచుకొంటిమి. అందులో ఒకటి నలువది దినముల పసికందు. దీపము లేదు. అందరును తడిసి, అలసి, ఒకరిపై నొకరు ఒరిగి నిద్రపోవుచుండిరి. మేము గది నడుమ చాప వేసి, ఇరుప్రక్కల మూరెడు చోటు విడిచి, బిడ్డను వెల్లకిల పండబెట్టితిమి. వృద్ధులము ముగ్గురము వంతులవారీగా మేలుకొని కూర్చుంటిమి. వార్ధకమున నిద్రపట్టదని మనము విచారించుచుందుము గదా! ఆ నిద్రలేమి ఆనాడు ఒక పనికి వచ్చినది.

తల చదునగుననెడి చింత పెద్దలకు మిక్కిలి. దానికి మందు దిండు కాదు. బిడ్డ మేలుకొనియుండగా, మన కన్నులయెదుట, దినమునకు రెండుమూడు సార్లు, మూడైదు నిమిషములు బోర్ల వేయవలెను. మెడకును భుజములకును బలము వచ్చును. తల వెనుకభాగమునకు విశ్రాంతి కలుగును. తల్లి ఒకనాడు కుడిప్రక్క, మరునాడు ఎడమప్రక్క పండుకొన్నచో బిడ్డ ముఖము తానే రెండువైపులకు తిరుగును. మేలుకొన్నపుడు బోర్ల, నిద్రలో వెల్లకిల అని గుర్తుంచుకొన్న చాలును.

బిడ్డ బోర్లపడిననాడు బొబ్బట్లు పంచుట మన ఆచారము. ఆ పండుగ తరువాత ఏమి చేయవలెను? అప్పుడును వెల్లకిలనే పండబెట్టవలెను. బిడ్డ ఇటునుండి అటు, అటునుండి ఇటు తానే తిరుగనేర్చినపిదప, నిద్రలో తానై బోర్లపడినచో మరల త్రిప్పుచు రాత్రియంతయు మేలుకొననవసరము లేదు. పక్కమీద మరేమియు లేకుండ చూచిన చాలును.

తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముల నడుమ నిలువుగా, మేనికి మేను తగులునట్లు కట్టుకొనుమని ఆసుపత్రిలో చెప్పుదురు. అది 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున ఎడ్గార్ రే అను వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి. ఎందరో బిడ్డలను అది బ్రతికించినది. నేను వలదన్నది అది కాదు. అక్కడ తల్లి చూపు బిడ్డ ముఖముమీద ఉండును. వైద్యులు చూపిన విధముగా దానిని తప్పక చేయవలెను. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి వచ్చును. ఆమెను గుమ్మముననే నిలిపి పంపివేయక, లోనికి పిలిచి బిడ్డ పక్కను చూపుడు. పెదవులు నీలివర్ణమైనను, ఊపిరి నిలిచి నిలిచి వచ్చినను, డొక్కలు ఎగురుచున్నను, బిడ్డ పాలు పట్టుట మానినను, మంత్రము పెట్టించుటకు పోక 108కి ఫోను చేయవలెను.

తుదకు ఒక మాట. ఇన్నియు చేసినను, అరుదుగా ఒక బిడ్డ నిద్రలోనే పోవుట కలదు. వైద్యులకును కారణము చిక్కదు. అట్టి యింట మనమేమి పలుకుదుమో అది మన పెద్దరికమునకు పరీక్ష.

2014లో, ఆసుపత్రినుండి వచ్చిన వారము దినములకు, నేను మా వీధి చివరి యింటికి పోయితిని. ఆ తల్లికి అప్పుడు ఏబదికి చేరువ వయస్సు. తరువాత పుట్టిన బిడ్డలు ఇద్దరు పెరిగి పెద్దవారైరి. ఆమెతో జరిగినదంతయు చెప్పితిని. ఆ చావునకు ఇదియే కారణమని ఏ వైద్యుడును ఇప్పుడు నిశ్చయింపజాలడు, కాని నేను చెప్పిన విధమున పండబెట్టుట ప్రమాదమని తేలినది, నీవు భయపడి అడిగినదే సరియైనది, తప్పు నాది అంటిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప, "ఇన్నేళ్ళూ నేనే మీద పడ్డాననుకున్నాను బాబూ" అన్నది. మరికొంతసేపటికి, "మా అత్త బతికుండగా సెప్పుంటే బాగుణ్ణు" అన్నది. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేదు.

అయ్యలారా, ఆ మాటకు సమాధానముగానే ఈ ప్రసంగము చేయుచున్నాను. మీ ఇంట, మీ వీధిలో పసిబిడ్డ యున్నచో ఈ రాత్రియే ఆ పక్కను ఒకసారి చూడుడు. దిండు తీయించుడు, పొగ మాన్పించుడు, బిడ్డను వెల్లకిల వేయించుడు. తల్లి భయపడి ఏదైన అడిగినచో పుస్తకము చూపి ఆమె నోరు మూయింపకుడు. దైవవశమున ఏ యింట బిడ్డ పోయినను, తల్లి మీద నింద వేయు మాట మీ అరుగుమీద పుట్టనీయకుడు.